పర్మిషన్ ఉన్న పొగ

మీ కిటికీ కింద ఎవరో ఒక రోగి పడుకున్న పరుపును తగలబెడుతుంటే మీరు ముందు కిటికీ మూస్తారా, లేక మున్సిపాలిటీ పర్మిషన్ ఉందా అని అడుగుతారా?

కిటికీ మూస్తామనే అంటారు. నాకు తెలుసు. కానీ పర్మిషన్ ఉందని ఒక్క మాట చెవిన పడగానే దగ్గు మింగేసి, కళ్లు తుడుచుకుని, ఇంకేం మరి అని సర్దుకున్న మనుషుల మధ్య నేను కొన్నేళ్లు పనిచేశాను. వాళ్లకు ఆ అలవాటు నేర్పిన పెద్దమనిషి పోయిన వారం దుబాయ్ పక్కన అజ్మాన్‌లో నిద్రలోనే గుండె ఆగి చనిపోయాడు. ఇక్కడి తెలుగువాళ్ల ఫోన్ గ్రూపులో ఆయన ఫొటో పెట్టారు. దాని కింద దండం పెట్టే చేతులు బారులు తీరాయి. మంచి మనిషి అన్నారు. ధర్మాత్ముడు అన్నారు. కార్మికుల పాలిటి దేవుడన్నాడు ఒకాయన. పోయినవాళ్ల గురించి మంచే చెప్పాలనేది మన ఆచారం. ఆ ఆచారానికి నేను బద్ధుణ్ని కాను. బతికున్నవాళ్ల ఊపిరి మీదికి వచ్చినప్పుడు అసలే కాను.

ఆయన పేరు రాయను. క్యాంపులో అందరూ పెద్దన్న అనేవాళ్లు. ఉత్తర తెలంగాణ మనిషి. మా కంపెనీ లేబర్ క్యాంపుకు బాసు. అంటే కూలీలు పడుకునే గదులు, వంట, నీళ్లు, చెత్త, తాగి కొట్టుకునేవాళ్ల తగాదాలు, అన్నీ ఆయన చేతిలోనే ఉండేవి. నేను హాజరు చూసే టైమ్‌కీపర్‌ని. ఆయన గదిలోనే ఒక మూల నా బల్ల ఉండేది. అందుకని ఆయన్ని దగ్గరగా చూశాను. ఎంత దగ్గరగా అంటే, ఆయన బట్టలకు అంటిన కర్పూరం వాసన నా బట్టలకూ అంటేది.

చొక్కా జేబు తట్టడం ఆయన అలవాటు. ఎవరు ఏం అడిగినా ముందు జేబు మీద అరచేత్తో రెండు దెబ్బలు వేసి, "పర్మిషన్ ఉన్నది" అనేవాడు. జేబులో ఉండేది పర్మిషన్ కాదు, ఒక లైటరు. ఆయన సిగరెట్ కాల్చడు, బీడీ ముట్టడు. లైటరు అగరొత్తులకీ, కర్పూరానికీ, చెత్తకీ. అమావాస్య నాడు గుమ్మడికాయ మీద కర్పూరం వెలిగించి క్యాంపు గేటుకు దిష్టి తీసి పగలగొట్టేవాడు. ఎర్రని ఆ ముక్కలు బూట్ల కింద నలిగి మధ్యాహ్నానికి ఈగలు ముసిరేవి. ఈగల నుంచి దిష్టి తీయడానికి ఏ మంత్రమూ ఉన్నట్టు లేదు.

అరబ్బీలో ముద్ర ఉన్న కాగితమంటే ఆయనకు ప్రాణం. చేతులు కడుక్కోకుండా అలాంటి కాగితం ముట్టేవాడు కాదు. లామినేషన్ చేయించి, మూలల్లో పసుపు రాసి, లక్ష్మీదేవి పటం కింద తగిలించేవాడు. అక్కడ ఒక కాగితం మీద మంట బొమ్మ ఉండేది. అది ఎప్పుడో, వేరే సైటులో, ఒక రోజు వెల్డింగు పని చేసుకోవడానికి ఇచ్చిన అనుమతి. గడువు ఎప్పుడో తీరింది. అయితేనేం? మంట బొమ్మ ఉంది, ముద్ర ఉంది. క్యాంపు వెనక ఖాళీ జాగాలో సిమెంటు సంచులు, రంగు డబ్బాలు, విరిగిన చెక్కలు పోగేసి కాల్చినప్పుడల్లా పెద్దన్న ఆ పటం వైపు చెయ్యి చూపేవాడు. అది వెల్డింగు కాగితమని నేను ఒకసారి చదివి వినిపించాను. ఆయన శ్రద్ధగా విని, "నిప్పు నిప్పే గద సారూ" అన్నాడు.

మొదట నాకు నవ్వొచ్చేది. 2020 మొదట్లో, ఇంకా రోగం భయం రాకముందు, ఒక శుక్రవారం కంపెనీ బస్సులో మమ్మల్ని కల్బా సముద్రం ఒడ్డుకు తీసుకెళ్లాడు. అక్కడొక బోర్డు. మంట బొమ్మ, దాని మీద అడ్డంగా ఎర్రగీత. పెద్దన్న దాని ముందు నిలబడి ఫోన్‌లో ఫొటో తీసుకుని, అందరికీ చూపించి, ఇక్కడ కాల్చుకోవచ్చు, పర్మిషన్ ఉన్నది అన్నాడు. మరి ఎర్రగీత సంగతేమిటన్నాను. "డేంజర్ అని. జర జాగ్రత్తగ కాల్చుకోమని." బస్సు బస్సంతా తల ఊపింది. బొగ్గులు రాజేశారు, కోడి కాల్చారు. తిని, ఎముకలూ ప్లాస్టిక్ పళ్లాలూ ఆ నిప్పుల్లోనే వేశారు. పక్కన పిల్లలతో కూర్చున్న ఒక కుటుంబం మాట్లాడకుండా చాప చుట్టుకుని లేచి వెళ్లిపోయింది. "చూసినవా సారూ, మర్యాదగల్లోళ్లు, మనకు జాగా ఇడిసిండ్రు" అన్నాడు పెద్దన్న. నిజంగానే అలా అనుకున్నాడు. ఇప్పుడు తలుచుకుంటే నాకు నవ్వు రాదు. కాలిన ప్లాస్టిక్ జిగట నాలుక మీద తగులుతుంది.

ఆ తర్వాత కరోనా వచ్చింది. పనులు ఆగాయి. క్యాంపు గేటు మూశారు. మంచాల మీద మంచాలు వేసిన గదుల్లో మనుషులు రోజంతా ఒకరి ఊపిరి ఒకరు పీల్చుకుంటూ ఫోన్లు చూస్తూ పడి ఉన్నారు. జ్వరం వచ్చినవాళ్లను ఆంబులెన్సు తీసుకెళ్తోంది. ఎవరు దగ్గినా చెప్పాలని పెద్దన్న తలుపుల మీద అంటించాడు. దగ్గినవాణ్ని వెనక జాగా వైపున్న చివరి గదిలో ఒంటరిగా ఉంచుతున్నాడు.

ఆ చివరి గదిలోకి వెళ్లినవాడు గంగారాం. జగిత్యాల పక్క పల్లె. టైల్స్ మేస్త్రి. తక్కువ మాటల మనిషి. అతనికి కరోనా లేదు. చిన్నప్పటి నుంచీ ఉబ్బసం ఉంది. ఈ సంగతి మాకు తర్వాత తెలిసింది. ఉబ్బసం ఉందంటే అన్‌ఫిట్ అని వీసా కాన్సిల్ చేసి పంపేస్తారు కాబట్టి అతను ఎవరికీ చెప్పలేదు. ఊపిరి ఆడనప్పుడు నోట్లో కొట్టుకునే పంపును దిండు గలీబులో, దూదిలోపలికి దూర్చి దాచుకునేవాడు. గదిలోవాళ్లు బయటికి పోయాక తీసుకునేవాడు. ఇన్నేళ్లూ ఆ దిండే అతని ఉద్యోగాన్ని కాపాడింది. చివరి గదికి ఉన్నపళంగా పొమ్మన్నప్పుడు ఒంటి మీద బట్టలతో పోవాల్సి వచ్చింది. మంచం అక్కడే ఉంది కదా, సామాన్లు తర్వాత పంపిస్తామన్నారు.

సామాన్లు పంపలేదు. ఎందుకంటే క్యాంపులో అప్పటికే వేరే ఆలోచన పుట్టింది. పెద్దవాళ్లలో ఒకరికి తాతలనాటి గత్తర గుర్తొచ్చింది. గత్తర అంటే కలరాయో మరొకటో, ఊళ్లను ఊడ్చేసిన అంటురోగం. అప్పట్లో రోగి చాప, బొంత, చీపురు, చేట పొలిమేర దాటించి తగలబెట్టి, వేపాకుతో, ఎండుమిరపకాయలతో పొగ వేసి సాగనంపేవాళ్లట. పొగకు గత్తర తట్టుకోలేదట. ఇంతమంది చదువుకున్నవాళ్లం, ఫోన్లో ప్రపంచం చూస్తున్నవాళ్లం, రెండు పూటల్లో ఆ మాట నమ్మేశాం. నేను లేచి వాదించాను. చాప గడ్డిది, ఈ పరుపు ఫోము, కాలితే విషం వస్తుందన్నాను. పొలిమేర దాటించడానికి ఇక్కడ పొలిమేర లేదు, గోడ ఉంది, గోడకు ఇవతల మనమే ఉన్నామన్నాను. ఒకతను మూతి మీద మాస్కు సర్దుకుని అన్నాడు: "సారుకు దేవుడే లేడు. ఇగ గత్తర యాడుంటది?" గదంతా నవ్వింది. పొగ వాసన కంటే ముందు ఆ నవ్వు వాసన నాకు వెగటు పుట్టించింది.

పెద్దన్న ఆస్పత్రికి పోయినవాళ్ల పరుపులూ, గంగారాం పరుపూ దిండూ అన్నీ వెనక జాగాలో కుప్ప వేయించాడు. ఈ కుప్ప చూసి పక్క గోదామువాళ్లు ఫోన్ చేసినట్టున్నారు. మధ్యాహ్నం బలదియా నుంచి ఒక ఇన్‌స్పెక్టర్ వచ్చాడు. ఇక్కడ మున్సిపాలిటీని బలదియా అంటారు. ఈజిప్టు మనిషి, పడుచువాడు, రెండు మాస్కులు పెట్టుకున్నాడు. వచ్చీరాని హిందీలో నిదానంగా చెప్పాడు. కాల్చకూడదు. రాసిచ్చిన అనుమతి లేకుండా బయట ఏదీ కాల్చకూడదు, పరుపులు అసలే కాల్చకూడదు. రోగుల సామాన్లకు ప్రత్యేకం బండి ఉంది, ఫోన్ చేస్తే రేపు వచ్చి తీసుకెళ్తుంది. నంబరు కూడా చెప్పాడు, నేను ఫోన్‌లో ఎక్కించుకున్నాను. పెద్దన్న నడుము వంచి, చెయ్యి గుండె మీద పెట్టుకుని, చిత్తం అన్నట్టు హాజిర్, హాజిర్ అంటూ గేటు దాకా సాగనంపాడు.

తిరిగి వచ్చేసరికి జనం గుమిగూడి ఉన్నారు.

"ఏమన్నడన్నా?"

పెద్దన్న జేబు మీద రెండు దెబ్బలు వేశాడు. "ఏమంటడు? గోడకు జర దూరం పెట్టుకొని కాలవెట్టుకోమన్నడు. జల్ది ఖలాస్ చెయ్యమన్నడు. పర్మిషన్ ఉన్నది."

నేను పక్కనే ఉన్నాను. వద్దన్నాడని, నిషేధమని, బండి నంబరు ఇచ్చాడని గట్టిగా చెప్పాను. పెద్దన్న కోపగించుకోలేదు. కోపగించుకుంటే బాగుండేది. ముసిముసిగా నవ్వి, "సారు చదువుకున్నోడు. నోటి మాటే ఇంటడు. ఆయన కండ్లల్ల ఉన్నది నేను జూసిన" అన్నాడు. అంతే. ప్రభుత్వ ఉద్యోగి నోటితో వద్దన్నది, ఆయన కళ్లతో సరేనన్నదిగా మారింది. దేవుడి విగ్రహం కళ్లలో అనుగ్రహం చదివేవాళ్లకు ఇన్‌స్పెక్టర్ కళ్లలో పర్మిషన్ చదవడం ఎంతసేపు?

ఆయన అబద్ధమాడాడా? ఇన్నేళ్లూ దీన్ని తరచి తరచి చూశాను. మంట వేస్తామని పొద్దునే అందరికీ మాట ఇచ్చాడు. ఒక పడుచు అధికారి వద్దన్నాడని చెప్పి మాట వెనక్కి తీసుకుంటే పెద్దరికం పోతుంది. అంతకు మించిన కారణం నాకు కనబడలేదు. ఒక మనిషి పెద్దరికం నిలబడడానికి ఇంకొక మనిషి ఊపిరి పణంగా పెట్టడం అబద్ధం కంటే నీచం.

పొద్దుగూకుతుండగా ముట్టించారు. నేను బండి నంబరుకు ఫోన్ చేస్తూ గేటు దగ్గర నిలబడ్డాను. వేపాకు దొరకలేదని కరివేపాకు వేశారు. ఎండుమిరపకాయలు వేశారు. ఫోము మొదట ముడుచుకుంది, తర్వాత కరిగి నల్లటి ధారలుగా కారింది. పొగ పైకి లేవలేదు. ఆ రోజు గాలి లేదు, ఉక్క. పొగ నేల మీదే బరువుగా పాకి చివరి గది కిటికీ సందుల్లోంచి లోపలికి దూరింది. జనం మాస్కుల మీద తువ్వాళ్లు చుట్టుకుని దగ్గుతున్నారు, కళ్లనీళ్లు పెట్టుకుంటున్నారు. ఆ దగ్గును రోగం బయటికి పోతున్న గుర్తు అనుకుంటున్నారు.

కుప్పలోంచి టప్పుమని ఏదో పేలింది.

ఆ తర్వాత ఎవరో, "పోయింది, గత్తర పోయింది" అన్నారు. చప్పట్లు మొదలయ్యాయి. పెద్దన్న లైటరు పట్టుకున్న చేతినే ఇంకో చేతితో కలిపి దండం పెట్టాడు. చివరి గది కిటికీ అద్దం వెనక గంగారాం లేచి నిలబడి ఉన్నాడు. మంట వైపు చెయ్యి చూపుతున్నాడు. గొంతు చూపుతున్నాడు. అద్దం మీద అరచేత్తో కొడుతున్నాడు. బయటున్నవాళ్లు అతనూ దండం పెడుతున్నాడనుకుని అతనికి తిరిగి దండాలు పెట్టారు.

నేను ఫోన్ వదిలేసి పరిగెత్తి గది తలుపు తీశాను. అతని పెదాలు నీలంగా ఉన్నాయి. మాట లేదు. ఛాతీలోంచి మాత్రం ఈల వేసినట్టు సన్నటి చప్పుడు వస్తోంది. నా కేకకు మొదట వచ్చింది పెద్దన్నే. అది దాచను. అంటుకుంటుందని ఎవరూ దగ్గరికి రాని ఆ రోజుల్లో గంగారాంను భుజాల కింద పట్టుకుని ఎత్తి, తన సొంత కారులో వేసుకుని, నన్ను పక్కన కూర్చోబెట్టుకుని ఆస్పత్రికి తోలాడు. కరోనా ఆంక్షల వల్ల అప్పుడు చీకటి పడ్డాక పర్మిషన్ లేకుండా బండి రోడ్డెక్కకూడదు. పోలీసు ఆపాడు. పెద్దన్న చెయ్యి జేబు మీదికి పోయింది, అక్కడే ఆగింది. పోలీసు వంగి వెనక సీటు వైపు ఒక్కసారి చూశాడు. యల్లా, వెళ్లండన్నాడు. కాగితం అడగలేదు. మనిషి ఊపిరి ఆగిపోతుంటే ఏం చూడాలో ఆ పోలీసుకు తెలుసు.

గంగారాం బతికాడు. కొన్నాళ్లకు ఆస్పత్రి నుంచి ఫోన్‌లో ముక్కలు ముక్కలుగా చెప్పాడు. "పంపు సారూ... దిండుల ఉండె... టప్పుమన్నది గదే." అప్పుడు గానీ నాకు అర్థం కాలేదు, ఆ సాయంత్రం మా క్యాంపు దేనికి చప్పట్లు కొట్టిందో.

నేను నేరుగా వెళ్లి పెద్దన్నకు చెప్పాను. లక్ష్మీదేవి పటానికి ఒత్తి వెలిగిస్తున్నాడు. నా మాట పూర్తయ్యేలోగా ఒత్తి ఆరిపోయింది.

"మరి వాడు ముందుగాల చెప్పొద్దా సారూ?"

"చెప్తే నువ్వేం చేసేవాడివి?"

"కంపెనీకి చెప్దును."

"కంపెనీ?"

"కాన్సిల్ జేస్తది."

"మరి ఎలా చెప్తాడు?"

ఆయన చాలాసేపు ఆలోచించాడు. నిజంగానే ఆలోచించాడు, నేను ఆయన నుదురు ముడతలు చూశాను. చివరికి, "అది రూలు సారూ" అన్నాడు. మళ్లీ లైటరు తీసి ఒత్తి ముట్టించాడు. ఆ తర్వాత పంపు మాట ఆయన నోట ఎప్పుడూ రాలేదు. కారు మాట మాత్రం వచ్చేది. ప్రతి సభలో, ప్రతి పెళ్లి విందులో, పర్మిషన్ లేకుండా కారు తోలి ఒక ప్రాణం నిలబెట్టిన కథ చెప్పేవాడు. చెప్పినప్పుడల్లా కళ్లనీళ్లు పెట్టుకునేవాడు. వినేవాళ్లూ పెట్టుకునేవాళ్లు. ఆ ప్రాణం ఎవరు ఆర్పబోతే నిలబెట్టాల్సి వచ్చిందని అడిగినవాడు లేడు. నేను అడిగితే, సారుకు మంచి కనబడదన్నారు.

గంగారాంను అన్‌ఫిట్ అని కాన్సిల్ చేసి ఇంటికి పంపారు. అతను భయపడిందే జరిగింది. మా క్యాంపులో ఆ ఏడు కరోనాతో ఎవరూ చనిపోలేదు. అది మంట మహిమ అని స్థిరపడింది. రోగులను వేరు చేసినది డాక్టర్లు, పరీక్షలు చేసినది నర్సులు, మర్నాడు వచ్చి కాలగా మిగిలిన పరుపులు మోసుకెళ్లింది బలదియా బండి. పేరు మాత్రం మంటకు దక్కింది. నా కోడీ కుంపటీ లేకపోతే ఊరికెలా తెల్లవారుతుందన్న ముసలమ్మను చూసి మనం నవ్వుతాం. ఇక్కడ ఆ ముసలమ్మకు ఒక క్యాంపు దొరికింది, ఒక ముద్ర దొరికింది. ఏటా అదే రోజున వెనక జాగాలో పాత దిండ్లు కాల్చడం మొదలైంది. కొత్తగా వచ్చినవాళ్లకు అదొక పండగ. ఎందుకని అడిగితే, పెద్దన్న పెట్టిన ఆచారం అంటారు. కళ్ల ముందే ఒక మూఢనమ్మకం పుట్టి, పాకి, నడిచి, పెద్దమనిషి కావడం చూశాను. దానికి శతాబ్దాలు అక్కర్లేదు. ఒక అబద్ధం, దానికి ఎదురుచెప్పని గుంపు చాలు.

పెద్దన్న పోయాడని గంగారాంకు ఫోన్ చేశాను. అతను ఇప్పుడు ఇంటి అరుగు నుంచి వీధి చివరికి నడవలేడు. అటువైపు చాలాసేపు ఈల చప్పుడే వినబడింది. తర్వాత అన్నాడు: "మంచోడు సారూ... నన్ను... దవఖానకు... తీస్కపోయిండు."

ఊపిరి తీసినవాడికి మిగిలిన ఊపిరితో కృతజ్ఞత చెప్పుకునేలా ఒక మనిషిని తయారుచేశాం. ఇది పెద్దన్న ఒక్కడి పని కాదు.

నిన్న అజ్మాన్‌లో ఒక హోటల్ హాల్లో సంతాపసభ జరిగింది. చివర్లో తీర్మానం చదివారు. ఈ ఏడు నుంచి ఆ మంటను ఆయన పేరు మీద, ఇంకా పెద్దదిగా వేస్తారట. ఈసారి దొంగచాటుగా కాదట, పద్ధతి ప్రకారం బలదియాకు దరఖాస్తు పెట్టి అనుమతి తెచ్చుకుంటారట. సంతకాలు సేకరిస్తున్నారు. బలదియా కాదంటుందనే నా ఆశ. కానీ కాదనే పని బలదియాకు వదిలేసి మనం చేతులు కట్టుకుంటామా? ఒకవేళ ఎవరో ఏమరుపాటున ముద్ర వేస్తే, ఆ ముద్ర చూసి ఫోము పొగ చల్లబడుతుందా? చివరి గదిలో ఇప్పుడు వేరేవాళ్లు ఉంటున్నారు. రోగం చెబితే ఉద్యోగం పోయే రూలు ఇంకా అలాగే ఉంది. వాళ్లలో దగ్గు మింగుకుని బతుకుతున్నవాడు లేడని మీలో ఎవరు హామీ ఇస్తారు?

కాబట్టి ఇది చదువుతున్న అజ్మాన్, షార్జా, దుబాయ్ తెలుగువాళ్లారా, ఆ దరఖాస్తు మీద సంతకం పెట్టకండి. మొహమాటానికీ పెట్టకండి, పోయినాయన మీద గౌరవానికీ పెట్టకండి. పెట్టినవాళ్లు ఇవాళే వెళ్లి మీ పేరు కొట్టేయించండి. గ్రూపులో దండం పెట్టిన ఆ వేలితోనే "మంట వద్దు" అని రాయండి. అందరూ చూసేలా రాయండి, మీ పేరుతో రాయండి.